ఆదివారం మాత్ర, సోమవారం మాత్ర

మా అమ్మకి కీళ్ళవాతం. నాలుగేళ్ళ నుంచీ మందులు వాడుతోంది. ఆదివారం రాత్రి అన్నం తిన్నాక మెథోట్రెక్సేట్ వేసుకోవాలి. అది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది కాబట్టి డాక్టరుగారు చీటీ మీద "ఆదివారం మాత్రమే" అని రాసి చుట్టూ గీత గీసిచ్చారు. సోమవారం ఫోలిక్ యాసిడ్. ఈ రెండూ ఎందుకో నెట్‌లో చదివి అమ్మకి చెప్పాను. ఆదివారం వేసుకునేది ఒంట్లో ఫోలిక్ యాసిడ్ పని చెయ్యకుండా అడ్డం పడుతుంది, సోమవారం వేసుకునేది ఆ ఫోలిక్ యాసిడే అని.

"అదేమిట్రా, ఒకరోజు విషం, ఇంకోరోజు విరుగుడూనా? రెండూ మానేస్తే సరిపోదూ!" అంది.

నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ ప్రశ్న పట్టుకుని చదువుకుంటూ పోతే చాలా దూరం వెళ్ళింది. ఆ రెండు మాత్రల కథా ఒకే లాబొరేటరీ దగ్గర కలుస్తుంది. ఆ లాబొరేటరీకి పెద్ద మన భీమవరం మనిషి. నేను కెమిస్టుని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. తప్పులుంటే తెలిసినవాళ్ళు సరిదిద్దండి.

ఆ మనిషి ఎవరో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఏటా జనవరి 12న ఆయన గురించి మనందరికీ ఓ ఫార్వర్డు వస్తుంది. "ఈయన మన తెలుగువాడు, ఇన్ని మందులు ఒక్కడే కనిపెట్టాడు, నోబెల్ ఇవ్వకుండా అన్యాయం చేశారు, కనీసం పదిమందికి పంపండి" అని. మనం పంపిస్తాం, మర్నాటికి మర్చిపోతాం. యెల్లాప్రగడ సుబ్బారావుగారికి ఈ ఫార్వర్డు చేసే మేలు కంటే కీడే ఎక్కువని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

* * *

1932 చివర్లో జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ అనే ఆయన ప్రోంటోసిల్ అనే ఎర్రటి రంగు, ఎలుకల ఒంట్లో బాక్టీరియాని ఆపుతోందని గమనించాడు. 1935లో ప్రచురించాడు. అదే ఏడు పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తేల్చిందేమిటంటే, పని చేస్తున్నది రంగు కాదు, ఒంట్లోకి వెళ్ళాక అది విరిగి వచ్చే సల్ఫనిలమైడ్ అనే చిన్న ముక్క అని. సల్ఫా మందులు అలా పుట్టాయి. అవెలా పని చేస్తున్నాయో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

1940లో ఇంగ్లండులో డొనాల్డ్ వుడ్స్, పాల్ ఫైల్డ్స్ ఆ ముడి విప్పారు. బాక్టీరియాకి పాబా అనే ఒక పదార్థం కావాలి. సల్ఫనిలమైడ్ ఆకారం అచ్చంగా పాబా లాగే ఉంటుంది. బాక్టీరియాలోని ఎంజైమ్ దీన్ని చూసి పాబాయే అనుకుని పట్టుకుంటుంది, ఇక అక్కడే ఇరుక్కుపోతుంది. మన భాషలో చెప్పాలంటే టైప్ చెకింగ్‌లో పాసైపోయి, లోపలికెళ్ళాక ప్రాసెస్‌ని హ్యాంగ్ చేసే నకిలీ ఆబ్జెక్ట్ అన్నమాట.

ఇక్కడే ఒక కొత్త దారి దొరికింది. శత్రువుకి ఏది ఆహారమో కనుక్కో, దానికి నకిలీ తయారుచేసి పెట్టు. ఇంతే సూత్రం. దుకాణంలో ఉన్న రంగులన్నీ వరసపెట్టి ఎలుకలకి ఎక్కించి చూడక్కర్లేదు.

మరి పాబాతో బాక్టీరియా తయారుచేసుకునేది ఏమిటి? దానికి జవాబు ఇంకోవైపు నుంచి వచ్చింది. 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, బొంబాయిలో గర్భిణీ స్త్రీలకి వచ్చే ఒకరకం రక్తహీనత ఈస్ట్‌తో తయారయ్యే మార్మైట్ తింటే నయమవుతోందని రాసింది. అందులో ఉన్న ఆ పదార్థాన్నే 1941లో అమెరికాలో టన్నులకొద్దీ పాలకూర నుంచి రవ్వంత వేరుచేసి, ఆకు కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. కణం రెండుగా చీలాలంటే, కొత్త డీఎన్ఏ రాసుకోవాలంటే, ఇది ఉండి తీరాలి. దాని నిర్మాణం తెలిశాక చూస్తే మధ్యలో పాబా కూర్చుని ఉంది!

ఇందులో అందమైన విషయం ఒకటుంది. బాక్టీరియా తన ఫోలిక్ యాసిడ్ తానే వండుకుంటుంది. మనం వండుకోలేం, ఆకుకూరల్లో తింటాం. అంటే సల్ఫా మందు వాళ్ళ వంటింటికి తాళం వేస్తుంది, మన ఒంట్లో అసలు ఆ వంటిల్లే లేదు. మందుల రసాయన శాస్త్రంలో అసలు పని ఇలాంటి తేడాని పట్టుకోవడం. చంపడం ఎవరైనా చంపుతారు, ఆసిడ్ పోసినా చస్తుంది. పక్కవాడికి దెబ్బ తగలకుండా చంపడమే విద్య.

* * *

ఇప్పుడు సుబ్బారావుగారి దగ్గరికి వద్దాం. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకొచ్చినందుకు దొరకి కోపం వచ్చి ఎంబీబీఎస్ బదులు కిందిస్థాయి ఎల్ఎంఎస్ దక్కింది. అమెరికా వెళ్ళకముందే ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. పేగులు తిన్నదేదీ పీల్చుకోకుండా మనిషిని ఎండబెట్టి చంపే జబ్బది. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తే, 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పని. రక్తంలో ఫాస్ఫరస్ కొలవడానికి 1925లో వాళ్ళిద్దరూ ఇచ్చిన పద్ధతి ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతే. 1929లో ఏటీపీ గురించి రాశారు (అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు). అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. కొద్దికాలానికే అక్కడ పరిశోధనకి అధిపతి అయ్యారు.

అక్కడ ఆయన టీము 1945లో ఫోలిక్ యాసిడ్‌ని లాబ్‌లో తయారుచేసింది. పాలకూర టన్నులు అక్కర్లేకుండా సీసాల్లో దొరకడం మొదలైంది. అది మా అమ్మ సోమవారం మాత్ర.

ఆదివారం మాత్ర కథ వేరే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల పెథాలజిస్టు, రక్త కాన్సర్ వచ్చిన పిల్లలకి లెడర్లీ పంపిన ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. కాన్సర్ తగ్గకపోగా ఇంకా విజృంభించినట్టు అనిపించింది. ఇంకొకరైతే నోట్సు అటకెక్కించేవారు. వీళ్ళు తిరగేసి ఆలోచించారు. ఫోలిక్ యాసిడ్ పడితే కాన్సర్ ఎగదోస్తోందంటే, దానికి నకిలీ పెడితే? లెడర్లీలో డోరిస్ సీగర్, డోనా కొసులిచ్ వంటి కెమిస్టులు ఫోలిక్ యాసిడ్‌లో ఒక మూల ఆక్సిజన్ ఉన్నచోట నైట్రోజన్ పెట్టి అమినోప్టెరిన్ చేశారు. అంత పెద్ద అణువులో అంత చిన్న మార్పు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన లెక్క: 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్ని నెలలకి తిరగబెట్టింది, నిజమే. కానీ అంతకుముందు ఆ జబ్బుకి డాక్టర్లు చెయ్యగలిగిందల్లా ఓదార్చడమే. ఆ అమినోప్టెరిన్‌కి తమ్ముడే మెథోట్రెక్సేట్. 1956లో దానితోనే కోరియోకార్సినోమా అనే ఒక గడ్డ కాన్సర్‌ని మందుతో నయం చేయడం మొదలైంది.

తమాషా ఏమిటంటే, ఈ మందు ఏ ఎంజైమ్‌కి అడ్డం పడుతోందో అప్పటికి తెలియనే తెలియదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఆ తాళం సంగతి 1950ల చివర్లో గానీ బయటపడలేదు. తాళం చూడకుండానే తాళంచెవి చేశారు!

అదే లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ అనే, రిటైరయి 70 దాటాక ఉద్యోగంలో చేరిన వృక్షశాస్త్రవేత్త, మిస్సోరీ నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. పెన్సిలిన్‌కి లొంగని చాలా జబ్బుల మీద పని చేసింది. 1948 జూలైలో లోకానికి చెప్పారు. అదే పరిశోధన విభాగం నుంచి 1947లో హెట్రజాన్ వచ్చింది. అంటే డీఈసీ, ఇంటింటికీ తిరిగి మన దగ్గర పంచిన బోదకాలు మాత్ర.

జూన్‌లో కాన్సర్ మందు, జూలైలో యాంటీబయాటిక్. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి పోయారు. 53 ఏళ్ళు.

ఇంకో సంగతి చదివినప్పుడు కాసేపు స్క్రీన్ ముందు అలా కూర్చుండిపోయాను. ఆయన అన్నదమ్ముల్ని చంపిన స్ప్రూకి ఇవాళ్టి వైద్యం ఏమిటో తెలుసా? ఫోలిక్ యాసిడ్, దానితోపాటు టెట్రాసైక్లిన్. కొన్ని నెలలు వాడితే తగ్గిపోతుంది. రెండూ ఆయన కింద పని జరిగిన చోటి నుంచి మొదలైనవే.

ఫార్వర్డు మీద నా కోపం ఇందుకే. "ఒక్కడే కనిపెట్టాడు" అనడం డగ్గర్‌కీ, సీగర్‌కీ అన్యాయం, సుబ్బారావుగారికి ఇంకా పెద్ద అన్యాయం. ఆయన చేసింది అంతకంటే కష్టమైన పని. మట్టి వెతికేవాళ్ళనీ, అణువులు కట్టేవాళ్ళనీ, ఆస్పత్రిలో పిల్లల్ని చూసే డాక్టర్నీ ఒకే ప్రశ్న చుట్టూ కూర్చోబెట్టారు. టీమ్ లీడ్ అంటే ఏమిటో మనకి తెలియందా!

* * *

ఈ సూత్రాన్ని చివరిదాకా తీసుకెళ్ళినవాళ్ళు ఇంకో ఇద్దరు. జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్. హిచింగ్స్ హార్వర్డ్‌లో సుబ్బారావు పని చేసిన విభాగంలోనే పీహెచ్‌డీ చేసినవాడు. ఫిస్క్ అసూయ వల్ల సుబ్బారావు పని కొంత వెలుగులోకి రాలేదనీ, దాన్ని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టాల్సొచ్చిందనీ చెప్పింది ఆయనే. ఎలియన్‌కి పీహెచ్‌డీ లేదు. కాన్సర్‌తో తాత పోయాడు. పెళ్ళి చేసుకోవాల్సినవాడు 1941లో గుండె కవాటానికి బాక్టీరియా సోకి పోయాడు, పెన్సిలిన్ అందుబాటులోకి రావడానికి కొద్దికాలం ముందు. ఒకే మనిషికి ఇద్దరు శత్రువులూ తెలుసు.

వాళ్ళ దగ్గర్నుంచి రక్త కాన్సర్‌కి 6-మెర్కాప్టోప్యూరిన్ వచ్చింది (1953లో అనుమతి). బాక్టీరియాకి ట్రైమెథోప్రిమ్ వచ్చింది. సల్ఫా మందుతో కలిపితే అదే కో-ట్రైమాక్సజోల్, చిన్నప్పుడు మనందరం మింగిన సెప్ట్రాన్. ట్రైమెథోప్రిమ్ అడ్డం పడేది దేనికనుకున్నారు? మెథోట్రెక్సేట్ అడ్డం పడే ఆ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌కే! కాకపోతే ఇది బాక్టీరియా ఎంజైమ్‌ని మన ఎంజైమ్ కంటే వేల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. అందుకే సెప్ట్రాన్ మింగి మర్నాడు స్కూలుకి వెళ్ళాం. మెథోట్రెక్సేట్‌కి కాన్సర్ కణం, మామూలు కణం అనే తేడా అంతగా తెలియదు. ఎవడు తొందరగా చీలుతుంటే వాణ్ణి కొడుతుంది. జుట్టు, నోటి పొర, ఎముక మజ్జ, అన్నీ దెబ్బతింటాయి. హిచింగ్స్, ఎలియన్‌లకి 1988లో నోబెల్ వచ్చింది.

ఏతావాతా చెప్పొచ్చేదేమిటంటే, కాన్సర్ మందూ యాంటీబయాటిక్కూ వేరువేరు కులాలు కావు. ఒక తల్లి బిడ్డలు. ఒకే తాళానికి రెండు చెవులు.

* * *

ఇక్కడిదాకా చరిత్ర. ఇప్పుడు అసలు బాధ.

మా టీములో ఒకతని నాన్నగారికి రెండేళ్ళ క్రితం రక్త కాన్సర్ వచ్చింది. కీమో బాగానే పని చేసింది. కాన్సర్ కణాలు దాదాపు కనపడటం లేదని రిపోర్టు వచ్చిన రోజు ఆఫీసులో స్వీట్లు పంచాడు. పది రోజులకి జ్వరం. కీమోతో తెల్ల రక్తకణాలు పడిపోయి ఉన్నాయి, క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా రక్తంలోకి చేరింది. కల్చర్ రిపోర్టు నాకు వాట్సాప్‌లో పంపాడు. ఒక్కో మందు పేరుకి ఎదురుగా ఆర్, ఆర్, ఆర్. లొంగదు, లొంగదు, లొంగదు. చివరికి కోలిస్టిన్ ఎక్కించారు. వెతికి చూస్తే అది 1950ల చివర్లో వాడకంలోకొచ్చి, కిడ్నీలు పాడు చేస్తోందని తర్వాత పక్కన పెట్టిన మందు. వేరే గతిలేక మళ్ళీ తీశారు. ఆయన దక్కలేదు. "కాన్సర్‌ని గెలిచాడన్నా, జ్వరానికి పోయాడు" అన్నాడు మావాడు. నా దగ్గర మాట లేదు.

అప్పుడు అర్థమైంది. కీమో అనే మేడ మొత్తం యాంటీబయాటిక్ అనే పునాది మీద నిలబడి ఉంది. మనిషి రోగనిరోధకశక్తిని కావాలని కొన్ని రోజులు పడగొట్టి, ఆ కొన్ని రోజులూ యాంటీబయాటిక్ కాపలా కాస్తుందనే ధైర్యంతో చేసే వైద్యం అది. కాపలావాడు లేకపోతే ఎంత గొప్ప కాన్సర్ మందైనా రోగిని తలుపుల్లేని ఇంట్లో పడుకోబెట్టడమే.

కాన్సర్ తమ్ముడు మాత్రం బాగా బలిశాడు. 2001లో ఇమాటినిబ్ వచ్చింది, కాన్సర్ కణంలో మాత్రమే ఉండే ఒక తేడాని పట్టుకుంది. తర్వాత అలాంటివి వరసగా వచ్చాయి. యాంటీబయాటిక్ అన్న ఎందుకు చిక్కిపోయాడు?

ఒక కారణం సైన్సు. 1995-2001 మధ్య జీఎస్‌కే కంపెనీ బాక్టీరియా జీనోము చేతికొచ్చిన ఉత్సాహంతో 70 దాకా భారీ స్క్రీనింగులు నడిపింది. రోబోలతో లక్షల అణువుల్ని పరీక్షించి చివరికి మిగిలినవి 5 లీడ్స్. మనవాళ్ళకి ఇది బాగా అర్థం కావాలి, బ్రూట్ ఫోర్స్‌తో అన్నీ పడవు. ఎంజైమ్‌ని ఆపడం ఒకెత్తు, బాక్టీరియా గోడ దాటి లోపలికెళ్ళి, వాళ్ళు పంపు పెట్టి బయటికి తోసేలోగా పని కానివ్వడం ఇంకొకెత్తు.

రెండోది డబ్బు. కాన్సర్ మందు నెలల తరబడి, లక్షల ఖరీదులో వాడతారు. యాంటీబయాటిక్ వారం. పైగా కొత్తది వస్తే డాక్టర్లు "ఆఖరికి దాచుకుందాం" అని బీరువాలో పెడతారు. పెట్టడమే కరెక్టు కూడా! కానీ అమ్మకూడని సరుకు తయారుచేసిన కంపెనీ ఎట్లా బతుకుతుంది? అకావోజెన్ అనే అమెరికా కంపెనీ మొండి బాక్టీరియా మీద పని చేసే ప్లాజోమైసిన్‌కి 2018 జూన్‌లో అనుమతి తెచ్చుకుంది. 2019 ఏప్రిల్‌లో దివాలా తీసింది. ప్రొడక్ట్ పాసయ్యాక పది నెలలకి కంపెనీ ఫెయిల్. 2019లో మందులకి లొంగని బాక్టీరియా వల్ల నేరుగా పోయినవాళ్ళు ప్రపంచంలో 12.7 లక్షల మంది అని 2022లో లాన్సెట్ లెక్క. రెండూ ఒకే ఏడాది.

* * *

మన వాటా సంగతి కూడా చెప్పుకోవాలి. హైదరాబాదు మందులు తయారుచేసే ఊరు. అందులో గర్వపడాల్సింది ఉంది. 2012లో నాట్కోకి కంపల్సరీ లైసెన్సు వచ్చాక కాలేయ కాన్సర్ మందు సోరాఫెనిబ్ నెలకి 2.8 లక్షల నుంచి 8,800 రూపాయలకి దిగింది. సిగ్గుపడాల్సిందీ ఉంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగు శుద్ధయి బయటికొచ్చే నీళ్ళని పరీక్షిస్తే, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. బాక్టీరియాకి మనమే కోచింగ్ సెంటర్ పెట్టామన్నమాట.

కంపెనీల సంగతి సరే, మనం? జలుబు చేస్తే మెడికల్ షాపులో అడిగి మూడు అజిత్రోమైసిన్ మాత్రలు. జలుబు వైరస్ అని తెలిసీ. అమెరికా వెళ్ళే ప్రతి సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన ఓ యాంటీబయాటిక్ స్ట్రిప్పు. అక్కడ డాక్టరు రాయడని! డాక్టరు ఎందుకు రాయడో ఒక్కసారైనా ఆలోచించామా? నేనూ పట్టుకెళ్ళినవాణ్ణే, ఒకర్ని అనే అర్హత లేదు.

దారులు లేకపోలేదు. ఇంగ్లండులో 2022 నుంచి రెండు యాంటీబయాటిక్స్‌కి ఎన్ని సీసాలు వాడారన్న లెక్కతో పని లేకుండా ఏడాదికింత అని చందా కట్టడం మొదలెట్టారు. అగ్గి ఆర్పే బండికి మంటల లెక్కన జీతమివ్వం కదా! మన దగ్గర చూస్తే, చెన్నైలోని ఆర్కిడ్ కంపెనీ కనిపెట్టిన ఎన్మెటజోబాక్టమ్‌కి 2024 ఫిబ్రవరిలో, మరో మందుతో కలిపి, అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. సుబ్బారావుగారు ఎంబీబీఎస్ అందుకోలేకపోయిన ఊళ్ళోనే. ఆ వార్త నాకు ఒక్క ఫార్వర్డులోనూ రాలేదు.

నోబెల్ రాలేదని బాధపడటం తేలిక, పోయినవాళ్ళకి ఇచ్చే రూలు ఎలాగూ లేదు. ఆయన వదిలిపెట్టిన పని సగం ఆగిపోయిందని బాధపడటం కష్టం, ఎందుకంటే అందులో మన చెయ్యి ఉంది.

మొన్న ఆదివారం అమ్మకి ఈ కథంతా చెప్పాను. సగంలో నిద్రపోతుందనుకున్నా, పోలేదు. అంతా విని, "అయితే ఆయన తమ్ముళ్ళకి మందు తనే చేశాడన్నమాట, కాకపోతే ఆలస్యమైంది" అంది. తర్వాత నా బ్యాగ్ వైపు చూసి, "నువ్వు జ్వరానికని తెచ్చుకుని రెండేసుకుని వదిలేసిన మాత్రలు ఫ్రిజ్ మీదే ఉన్నాయి, అవేం చెయ్యమంటావ్?" అని అడిగింది.

ఇంకా జవాబు చెప్పలేదు. మీ ఇంట్లో ఫ్రిజ్ మీద కూడా ఓసారి చూసుకోండి.